గరిటెల కంబానికి దండ

ఆయన పోయాడని ఫోను వచ్చేసరికి నేను మిద్దె మీద ఎగిరిపోతున్న చీరను పట్టుకోలేక అవస్థ పడుతున్నాను. ఆషాఢం. మదనపల్లిలో ఆ నెలలో దండెం మీద బట్టలు ఆరేసి కిందికి దిగామంటే వాటి మీద ఆశ వదులుకున్నట్టే. "టీచరమ్మా, గాలప్ప పాయె" అన్నాడు అవతలి మనిషి. నా చేతిలో చీర ఇంకా పటపటమని కొట్టుకుంటోంది. ఆయన పక్కనుంటే ఏమనేవాడో నాకు తెలుసు. "సూడు టీచరమ్మా, పడమటి గాలి. అంతా ఊరికినే పోతాండాది" అనేవాడు. నేనక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను కూడా. ఆయన్ని తలుచుకుని ఉత్తగా ఏడవడం ఎవరి వల్లా కాదు.

గాలప్ప ఆయన పేరు కాదు. అసలు పేరు రేషను కార్డులో ఉండేదేమో గానీ పుంగనూరులో, సదుంలో దాన్ని వాడిన మనిషిని నేను చూడలేదు. సదుం దారిలో ఒక పల్లెలో మెట్ట రైతు. ఊరి వెనక ఒక బోడికొండ ఉంది. దాని మీద గాలి మిషన్లు పెట్టించాలి, పెట్టే కంపెనీ ఏ దేశంలో ఉన్నా సరే పట్టుకురావాలి, అక్కడ పుట్టిన కరెంటు ఊళ్ళోని మోటర్లకు రావాలి. ఆయన పట్టుదలంతా ఇదే. తొంభైలలో మా వైపు కరెంటు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. బోరులో నీళ్ళుండేవి, మడిలో టమోటా ఎండిపోయేది. "నీళ్ళు లేవు, ఒప్పుకుంటా. వానల్లేవు, ఒప్పుకుంటా. గాలేం పాపం జేసిందప్పా?" అని టీ అంగట్లో, సంతలో, బస్సులో ఎదురైన ప్రతి మనిషినీ అడిగేవాడు. మిషన్లు తెచ్చి తీరుతానని ఊరందరి ముందూ మాటిచ్చేశాడు. మా వైపు మెట్ట రైతు ఎకరా అమ్ముకుంటాడేమో గానీ ఇచ్చిన మాటను పోగొట్టుకోడు.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక తెల్ల తువాలు. ఎక్కడికి వెళ్ళినా ముందు దాని కొస రెండు వేళ్ళతో పట్టుకుని చెయ్యి పైకెత్తేవాడు. తువాలు ఎంత ఎగిరితే అంత గాలి. బస్టాండులో ఎత్తేవాడు, తాసిల్దారు ఆఫీసు వరండాలో ఎత్తేవాడు. ఒక క్రిస్మస్‌కు నేను పిలిచానని మా గుడికి వచ్చి, పాస్టరుగారు ప్రార్థన చేస్తూ అందర్నీ కళ్ళు మూసుకోమన్నప్పుడు కూడా ఎత్తాడు. నేను కళ్ళు తెరిచి ఎందుకు చూశానని మీరు అడక్కండి. తరవాత తిట్టాను. "కిటికీలు మంచి దిక్కున పెట్టినారు మీవోళ్ళు" అని మెచ్చుకుని, "నీ ప్రార్థనలో నా కొండను రవంత తలుసుకో టీచరమ్మా" అని కేకు తినేసి వెళ్ళిపోయాడు.

నాకూ ఆయనకూ పరిచయం విచిత్రంగా అయింది. నేను మదనపల్లిలో ఒక మిషన్ బడిలో ఇంగ్లీషు టీచర్ని. ఒక రోజు పాఠం మధ్యలో గుమ్మంలో ఈయన నిలబడి, తువాలెత్తి ఒకసారి దించి, "అమ్మా, నాకు ఇంగ్లీషు మాట్లాడే నోరు ఒగటి కావల్ల" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. నాకు కోపం నషాళానికి అంటింది. "ఇక్కడ నోళ్ళు అద్దెకివ్వరు" అన్నాను. "అద్దెకు కాదు తల్లీ, ఊరికినే" అన్నాడు. ఇంత అమాయకంగా మోసం చేసే మనిషిని అంతకు ముందు చూడలేదు. ఆ ఆదివారం ఆయనతో కుప్పం బయల్దేరాను.

కుప్పంలో ప్రభుత్వం వాళ్ళు ఒక సభ పెట్టారు. బయటి కంపెనీలను పిలిచి, మా ప్రాంతంలో ఏముందో చూపించి, పెట్టుబడి పెట్టండని అడిగే సభ. హాలు చుట్టూ బల్లలు వేశారు. శాంతిపురం వాళ్ళు అద్దంలా నునుపు తీసిన గ్రానైటు పలకలు పెట్టారు. మదనపల్లి వాళ్ళు ఎర్రటి టమోటాలు గోపురంగా పేర్చారు. పట్టు తెచ్చిన వాళ్ళు పట్టు తెచ్చారు. మా బల్ల మీద ఏమీ లేదు. వెనక గాలప్ప చేతులు కట్టుకుని కూర్చున్నాడు, పక్కన తలవంచుకుని నేను.

ఒక అధికారి వచ్చి, "నీ శాంపిలు ఏదయ్యా?" అన్నాడు.

"గాలిని యాడ పట్టి తెచ్చేది సామీ? రవంత ఆ ఫ్యాన్లు ఆపించి కిటికీలు తెరిపించండి, సూపిస్తా."

ఎవరో నిజంగానే ఫ్యాన్లు ఆపేశారు. కిటికీలు తెరిచారు. గాలప్ప లేచి తువాలెత్తాడు. కుప్పంలో ఆ రోజు ఆకు కదల్లేదు. తువాలు కిందికి వేలాడుతూ ఉంది. కోట్లు వేసుకున్న పెద్దమనుషులంతా చెమటలు కక్కుతున్నారు. ఆయన మాత్రం చెయ్యి దించకుండా, "ఈ గాలి కాదు టీచరమ్మా, మన గాలి వేరే అని ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు. చెప్పాను. ఏం చెయ్యను? బెంగుళూరు నుంచి వచ్చిన ఒక గాలి మిషన్ల కంపెనీ మేనేజరు, ఆయన వెంట ఒక తెల్లాయన, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వి నవ్వి, మీ కొండ చూడటానికి వస్తామన్నారు. గ్రానైటు వాళ్ళ ముఖాలు మాడిపోయాయి.

తిరుగు బస్సులో ఆయన ఆనందం పట్టలేకపోయాడు. "కొండకు సంబంధం కుదిరేటట్టుండాది" అన్నాడు. పెట్టుబడి, ఒప్పందం, ఇవన్నీ ఆయనకు పట్టని మాటలు. ఆయన లెక్కలో కంపెనీ వాళ్ళు పిల్లను చూసుకునేదానికి వచ్చే మగపెళ్ళివారు, కొండ పిల్ల. "పిలిస్తేనే కదా సుట్టం వచ్చేది. వచ్చినోళ్ళకు మర్యాద జరగల్ల. మర్యాదలో తేడా వస్తే ఎంత మంచి పిల్లయినా ఇంట్లోనే" అనేవాడు.

మర్యాద జరిగింది. జరగవలసిన దానికన్నా ఎక్కువే జరిగింది. కంపెనీ వాళ్ళు వచ్చే రోజుకు కొండ మీద పందిరి వేయించాడు. దుమ్ము కొట్టి అతిథుల విస్తళ్ళు పాడవుతాయని పందిరికి నాలుగు వైపులా తడికలు కట్టించాడు. సందుల్లోంచి రాకుండా వాటి మీద టార్పాలిన్లు బిగించాడు. సంగటి, నాటుకోడి పులుసు, వడలు, పాయసం ఆయన భార్య చేతి వంట. తెల్లాయన మూడోసారి పులుసు వేయించుకుని, తృప్తిగా చుట్టూ చూసి, నన్నొక మాట అడిగాడు.

"ఏమంటాడు?" అన్నాడు గాలప్ప ఆత్రంగా.

"భోజనం బ్రహ్మాండం, గాలెక్కడ అంటున్నాడు."

ఆయన ముఖం పాలిపోయింది. గాలి చూసేదానికి వచ్చిన వాళ్ళకు గాలి సోకకుండా మర్యాద చేశామని అప్పుడు గానీ ఆ ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నేను వడల మీద ఉన్నాను. "పీకండ్రా తడికలు!" అని ఒక్క కేక పెట్టాడు. పడమటి తడిక ఊడిందో లేదో, విస్తళ్ళు, గ్లాసులు, తెల్లాయన టోపీ, అన్నీ లేచిపోయాయి. టోపీ కొండ దిగి సదుం రోడ్డు దాటి చెరుకు తోటలో పడింది. తెల్లాయన బట్టతల నిమురుకుంటూ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. గాలప్ప తువాలెత్తి గర్వంగా నిలబడ్డాడు.

శ్రావణం పోయాక కంపెనీ వాళ్ళు కొండ మీద పొడవాటి ఇనుప కంబం ఒకటి నాటారు. దాని చివర మూడు చిన్న గిన్నెలు, అచ్చం సాంబారు గరిటెల్లాంటివి, గాలికి గిర్రున తిరుగుతుంటాయి. అవి ఎంత వేగంగా తిరిగితే గాలి అంత ఉన్నట్టు కింద పెట్టెలో దానంతటదే రాసుకుంటుంది. అది చూసుకుని మిషన్లు పెట్టాలా వద్దా అని తేలుస్తారు. ఊరు దానికి గరిటెల కంబం అని పేరు పెట్టింది. గాలప్ప రోజూ పొద్దున్నే కొండెక్కి గరిటెలు తిరగడం చూసి గానీ కాఫీ తాగేవాడు కాదు.

సంక్రాంతి దాటాక బెంగుళూరు మేనేజరు పెట్టె తెరిచి చూసుకుని నన్ను పిలిపించాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. దసరా దాకా గాలి బాగానే ఉంది. దసరా నాటి నుంచి ఈ కొండ మీద గాలన్నదే లేదు, సున్నా, అంటున్నాడు. అంటుంటే ఆయన క్రాపు గాలికి కళ్ళలో పడుతోంది. అందరం తలలెత్తి పైకి చూశాం. గరిటెలు కదలడం లేదు. వాటి చుట్టూ ఎండిపోయి నల్లబడిన చామంతి దండ.

ఆయుధ పూజ! మా వైపు ఆ రోజు కుట్టు మిషను మొదలు ఆర్టీసీ బస్సు దాకా ఇనుమన్నదానికల్లా గంధం, కుంకుమ, చామంతి దండ తప్పవు. గాలప్ప భార్య మోటరుకు వేసింది, ట్రాక్టరుకు వేసింది, నాగలికి వేసింది, ఊరికి అన్నం పెట్టబోయే కంబానికి వేయకపోతే ఎలా అనుకుంది. తన చేత్తో మూర మూర కట్టి, టెంకాయలు దించే మనిషిని పైకెక్కించి, గరిటెలకు గట్టిగా చుట్టించింది. గాలికి జారిపోకూడదు కదా, అందుకని మూడు ముళ్ళు. కింద గుమ్మడికాయ కొట్టింది ఎవరు? సాక్షాత్తూ గాలప్ప. కర్పూరం హారతి కళ్ళకద్దుకున్నదీ ఆయనే. మర్నాటి నుంచి టమోటా కోతల హడావుడిలో రోజూ కొండెక్కడం మానేశాడు, ఎక్కిన ఒకటి రెండు సార్లూ దండను చూసి దండం పెట్టుకుని దిగివచ్చాడు. ఇవన్నీ మరిచిపోయి ఆ రోజు అందరి ముందూ, "ఏమ్మే, ఎంత పని జేస్తివే! ఊరి నోట్లో మన్ను గొట్టితివి గదే!" అని ఆమె మీద విరుచుకుపడ్డాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

దండ తీసి మళ్ళీ మొదటి నుంచి కొలిచేదాకా కంపెనీ ఆగలేదు. వాళ్ళకు వేరే చోట్ల వేరే కొండలున్నాయి. కంబం పీకి లారీలో వేసుకుని పోయారు.

అప్పటి నుంచి గాలప్ప దండ అంటే భయపడ్డాడు. మా బడి వార్షికోత్సవంలో ఆయనకు సన్మానం చేద్దామని దండ తెస్తే స్టేజీ మీద నుంచి దూకినంత పని చేశాడు. సొంత షష్టిపూర్తిలో పురోహితుడు దండ ఎత్తితే తల పక్కకు వంచేశాడు. "దండ పడిందంటే ఏదైనా నిలిసిపోతాది సామీ, నాకింకా పనుండాది" అన్నాడు. పని అంటే అదే. చిత్తూరు, బెంగుళూరు, మద్రాసు, ఎక్కడ కంపెనీల సభ ఉందన్నా తువాలు దులుపుకుని బయల్దేరేవాడు. నా సెలవులన్నీ ఆయన వెంట బస్సుల్లో గడిచాయి. మా ఇంట్లో వాళ్ళు నన్ను గాలి టీచరమ్మ అనడం మొదలుపెట్టారు. ఊళ్ళో మాత్రం ఏ మోటరు ఆగినా, ఏ మడి ఎండినా ఆడవాళ్ళు నీళ్ళ కొళాయి దగ్గర గాలప్ప భార్యను చూసి, "దండక్కా, ఇంగొక దండ కట్టు" అనేవాళ్ళు. ఆమె బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఇంటికొస్తే ఈయన. కూరలో ఉప్పు తగ్గినా మాట తిరిగి తిరిగి దండ దగ్గరికే వచ్చేది. ఆ విషయంలో నాకు ఆయన మీద మండిపోయేది. "గుమ్మడికాయ కొట్టింది ఎవరప్పా?" అని ముఖం మీదే అడిగాను. "గుమ్మడికాయ కింద కొడ్తి టీచరమ్మా, పైన కొట్టలేదు గదా" అన్నాడు.

రెండు వేలు దాటిన తరవాత కొన్నేళ్ళకు ఆయన పంతం నెగ్గింది. ఇంకో కంపెనీ వచ్చి కొండ మీద ఇంకో గరిటెల కంబం నాటింది. ఈసారి మర్యాదలు లేవు, పందిరి లేదు, వచ్చిన వాళ్ళకు కొండ మీదే ఎదురుగాలిలో సంగటి పెట్టాడు, సగం దుమ్ము. ఆయుధ పూజ నాడు కంబం కింద కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. సొంత భార్యను కొండ కింద గీత గీసి ఆపాడు. ఆమె అక్కడి నుంచే కంబం వైపు దండం పెట్టుకుని, తెచ్చిన చామంతులు మేకకు పెట్టి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆషాఢం వచ్చి పోయాక కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ఉత్తరాది కుర్రాడు, మన భాష ఒక్క ముక్క రాదు. కొండ మీద మేం ముగ్గురమే ఉన్నాం. అతను ఎంతో మర్యాదగా, నేల చూపులు చూస్తూ చెప్పాడు. నేను విని, తెలుగులో చెప్పడానికి నోరు రాక నిలబడిపోయాను.

"యాల మాట్లాడవు? చెప్పు" అన్నాడు గాలప్ప.

"ఆషాఢంలో మీ గాలికి తిరుగు లేదంట. మిగతా నెలల్లో చాలదంట. ఏడాదంతా కలిపి చూస్తే మిషన్లు పెట్టేంత లేదంటున్నాడప్పా."

ఆయన తలెత్తి కంబాన్ని చూశాడు. గరిటెలు మెల్లగా తిరుగుతున్నాయి.

"ఆ పొద్దు దండ ఏయకున్నా... ఇంతేనా? అడుగు."

అడిగాను. ఇంతే అన్నాడు కుర్రాడు. గాలప్ప తల ఊపి, "సరే, పొద్దు పోయింది, ముందు అన్నం తినమను ఆ బిడ్డను" అన్నాడు. కొండ దిగేటప్పుడు తువాలు భుజం మీద నుంచి జారిపోయినా చూసుకోలేదు. నేనే తీసి ఇచ్చాను.

ఇంట్లో కుర్రాడు భోంచేసి జీపెక్కాక ఆయన వంటింటి గడప మీద కూర్చున్నాడు. నాకు లేచి వెళ్ళిపోవాలనిపించింది గానీ వెళ్ళలేదు.

"ఏమ్మే" అన్నాడు. "నీ దండ తప్పు కాదంట."

ఆమె గిన్నెలు సర్దడం ఆపి, "ఎవరు చెప్పిండేది?" అంది.

"మిషనే చెప్పింది. మన కొండకే అంత గాలి లేదంట. ఇన్నాళ్ళూ నిన్ను ఉత్తపుణ్యానికి అంటి."

ఆమె నా వైపు చూసింది. నిజమేనని తలూపాను. ఇన్నేళ్ళ మాటలకు ఇప్పుడు వడ్డీతో సహా కడిగేస్తుంది, కడగాలి కూడా, అని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఊర్లో ఎవరికన్నా చెప్తివా?"

"లేదు."

"చెప్పొద్దు. పిల్లకు సంబంధం తప్పిపోతే పిల్లలో లోపముండాదని ఎవరన్నా చెప్పుకుంటారా? శకునం బాగలేదని చెప్తారు. ఆ పొద్దు దండతో తప్పిన సంబంధమని ఈళ్ళూ ఎనక్కి పోయినారను, దండ వల్లే పాయెనని ఉండనీ. కొండ మాట దక్కతాది, నీ మాటా దక్కతాది."

"నిన్నంటారు గదే."

"ఇన్నాళ్ళూ అనిందేముండాది, కొత్తగా అనేదేముండాది?" అని నా వైపు తిరిగి, "టీచరమ్మా, నువ్వు గూడా ఇంగ్లీషులోనే పెట్టుకో ఆ మాట" అంది.

గాలప్ప తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గాలి చూడటానికి కాకుండా ఆ తువాలు వేరే పనికి వాడగా నేను చూసింది అప్పుడే.

ఆ తరవాత ఆ మొగుడూ పెళ్ళాల నాటకం చూసి తీరాలి. ఊళ్ళో ఎవరైనా కొండ ఊసెత్తితే ఈయన, "ఏం జేసేదప్పా, మా ఇంటామె దండ ముంచింది" అనేవాడు. "అవునప్పా, ఈ చేతులే" అని ఆమె చేతులు చాపి చూపించేది. అలా తిట్టిన రోజు సాయంత్రం ఇంట్లో కాఫీ ఆయనే కలిపేవాడు. పాలు పొంగబెట్టి, పంచదార రెండింతలు వేసి, గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చేవాడు. ఒకసారి నాకూ ఇచ్చాడు. నోట పెట్టుకునే కాఫీ కాదది. ఆమె మాత్రం చుక్క వదలకుండా తాగేది.

ఫోను వచ్చిన రోజు మదనపల్లి నుంచి పుంగనూరు, అక్కడి నుంచి ఆ పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. గాలి మామూలుగా లేదు. షామియానా గుంజలను నలుగురు మగవాళ్ళు నాలుగు వైపులా పట్టుకుని నిలబడ్డారు, లేకుంటే అదీ టోపీలాగా సదుం రోడ్డు దాటేది. ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. భుజం మీద తువాలు ఉంది, ఎగిరిపోకుండా కొస మీద చిన్న రాయి పెట్టారు. వచ్చినవాళ్ళంతా దండలు తెచ్చారు. తెచ్చి చేతుల్లోనే పట్టుకుని ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నారు. ఆయనకు దండ పడదని అందరికీ తెలుసు. బతికున్నప్పుడు తల వంచేసిన మనిషికి ఇప్పుడు అడగకుండా ఎలా వేస్తారు?

షామియానా గుంజ పట్టుకున్న ఒక ముసలాయన గాలికి కళ్ళు చికిలించుకుంటూ, "సూడండప్పా గాలి! ఇంత గాలి పెట్టుకోని... ఆ పొద్దు దండ ఒగటి పడకుండా ఉంటే, ఈ పొద్దు కొండ నిండా మిషన్లు తిరగతా ఉండేటివి. పాపం ఆ కోరికతోనే పాయె మనిషి" అన్నాడు. నలుగురూ అవునవునన్నారు. అందరి చూపులూ తల దగ్గర కూర్చున్న ఆమె మీదికి మళ్ళాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను. ఆమె తలెత్తి నన్నొక్క చూపు చూసింది. మూసుకున్నాను.

"అవునన్నా" అంది ఆమె ముసలాయనతో. "నేనే ఏస్తి. తప్పు నాదే."

లేచి, దగ్గరున్న మనిషి చేతిలోంచి ఒక దండ తీసుకుంది. చామంతి దండే. వంగి ఆయన మెడలో వేసింది. గాలికి అది పక్కకు జారింది. మళ్ళీ సర్ది, ఎగరకుండా కొస ఆయన చేతి కింద పెట్టి, ముఖం దగ్గరికి ముఖం పెట్టి మెల్లగా చెప్పింది. పక్కనే ఉన్నాను గనక నాకు వినబడింది.

"ఇంగ ఏసుకో సామీ. ఈసారి నన్నెవురూ ఏమీ అనర్లే."